ఝాన్సీగారి చెంపలో గేట్లు

దూదిపుల్లని మిరపసత్తులో ముంచి తీసి, "నాలిక చాపండమ్మా, కాస్త ఓర్చుకోవాలి" అంది డాక్టర్ హిమజ.

మునిసిపల్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన ఝాన్సీరాణిగారు కళ్ళు గట్టిగా మూసుకుని, కుర్చీ చేతుల్ని బిగించి పట్టుకుని, నాలిక చాపారు. పుల్ల తగిలింది. ఆవిడ చెవికి తగిలించిన మిషను తయారుచేసిన ఇంజనీరు ఇలియాస్ ఊపిరి బిగబట్టి తెరవైపు చూస్తున్నాడు. ఝాన్సీగారి భర్త పానకాలరావుగారు మంచినీళ్ళ సీసా మూత తీసి, పరుగెత్తడానికి సిద్ధంగా గుమ్మంలో నిలబడ్డారు.

కాసేపటికి ఝాన్సీగారు ఒక కన్ను తెరిచి, "ఎప్పుడు పెడతారండీ?" అని అడిగారు.

పెట్టడం అప్పటికే అయిపోయింది. గుంటూరులో పుట్టిపెరిగిన నాలిక మీద గుంటూరు మిరపసత్తు పెట్టినా ఆ నాలికకి తెలియలేదు. ఆనాటి ప్రయోగంలో సాధించింది అదే.

ఇది ఇప్పటి గుంటూరు కాదు, ఇంకొన్నేళ్ళ తర్వాతి గుంటూరు. అప్పటికి ఆటోలకి డ్రైవర్లు లేరు. బేరాలు మాత్రం పోలేదు. ఎక్కేముందు జనం ఖాళీ సీటుతో బేరమాడుతుంటే చూడలేక, కంపెనీవాళ్ళే ఆటోలకి కాసేపు బెట్టుచేసి ఆ తర్వాత తగ్గడం నేర్పారు. ఊరి శివార్లలో ఒక నాడీ పరిశోధనాకేంద్రం వెలిసింది. అక్కడ గోడంత తెర మీద, బతికున్న మనిషి కణం లోపల జరిగేదంతా జరుగుతుండగానే చూడొచ్చు.

ఆ కణం సంగతి కొంచెం చెప్పాలి. భయపడకండి. స్కూల్లో నేను కప్ప బొమ్మ గీస్తే మా సైన్సు మాస్టారు, ఇండియా మ్యాపు బాగానే వచ్చిందని మెచ్చుకున్నారు. ఆ తర్వాత నేర్చుకున్నదంతా లైబ్రరీ బల్ల దగ్గర సొంతంగా నేర్చుకున్నదే. నాకు అర్థమైందంటే మీకు కాకపోవడం కష్టం.

ప్రతి కణం చుట్టూ కొవ్వుతో చేసిన పల్చటి పొర ఒకటి ఉంటుంది. అది కణానికి ప్రహరీగోడ. గోడంటూ ఉన్నాక రాకపోకలకి గేట్లు కావాలి. ఆ గేట్లే ప్రొటీన్లు. వాటిలో ఒకదానికి శాస్త్రజ్ఞులు టి.ఆర్.పి.వి.1 అని, నోరు తిరగని పేరు పెట్టారు. మనం గేటు అనుకుందాం.

ఈ గేటుని వడ్రంగి చెయ్యడు. కణంలో రైబోజోములనే సూక్ష్మమైన కార్ఖానాలున్నాయి. అమైనో ఆమ్లాలనే పూసల్ని ఒక్కొక్కటిగా గుచ్చి, ఎనిమిదివందల పైచిలుకు పూసలతో దండ తయారుచేస్తాయి. దండ దండలా వేలాడుతూ ఉండిపోదు. కొవ్వంటే ఇష్టమున్న పూసలు గోడలోనే సర్దుకుంటాయి. నీళ్ళంటే ఇష్టమున్నవి గోడకి ఇటూ అటూ తేలతాయి. ఇలా మెలికలు తిరిగి మడతపడ్డ నాలుగు దండలు భుజం భుజం ఆనించి నిలబడితే, మధ్యలో మిగిలిన సందే గేటు. మా ఇంట్లో ఒక చీర మడతపెట్టాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఆ ఇద్దరిలో నేనొకణ్ణయితే మూడో మనిషి కావాలి. అక్కడ మడతపెట్టేవాళ్ళెవరూ లేరు. కంటికి కాదు, ఊహకి కూడా అందనంత చిన్న దండ తన మడత తనే తెలుసుకుని, ఏ పూస ఎక్కడ ఉండాలో అక్కడ నిలబడుతుంది. ఈ క్షణంలో మీ ఒంట్లో ఎన్నో కోట్లసార్లు జరుగుతున్న పని ఇది. మీరేమో తీరిగ్గా కథ చదువుకుంటున్నారు.

ఇప్పుడు మిరపకాయ సంగతి. మిరపకాయలో కాప్సైసిన్ అని ఒక అణువుంటుంది. అది గోడలోని కొవ్వులోకి జారి, గేటు పక్కనున్న చిన్న జేబులాంటి సందులోకి తలకిందులుగా దూరుతుంది. అంతటితో గేటు తెరుచుకుంటుంది. బయట కాచుక్కూర్చున్న సోడియం, కాల్షియం అయాన్లు లోపలికి తోసుకొస్తాయి. నాడీకణం ఉలిక్కిపడి, మంట పుట్టిందని మెదడుకి కబురు పంపుతుంది. విచిత్రం ఏమిటంటే, సెగ తగిలినా తెరుచుకునేది ఈ గేటే. కాగే కాఫీ తగిలినా, కారం తగిలినా పోయే కబురు ఒక్కటే. నోట్లో నిప్పు లేకుండానే నోరు మండిపోయిందని మనం అనడంలో అతిశయోక్తి లేదు. కణం కూడా అచ్చంగా ఆ మాటే అంటోంది.

ఝాన్సీగారికి అంతకుముందు ముఖం మీద సర్పి లేచింది. పొక్కులు మానిపోయాయి. చెంపకీ, నోటికీ స్పర్శ తెచ్చే నాడి మాత్రం మానలేదు. దెబ్బతిన్న ఆ నాడిలోని కణాలు భయపడిపోయిన ఇంటివాళ్ళలా అవసరం లేకుండా గేట్లమీద గేట్లు పెట్టుకున్నాయి. పైగా ఆ గేట్లు సెగ లేకుండానే, మామూలు గాలికే తెరుచుకోవడం మొదలుపెట్టాయి. చెంపకి ఫ్యాను గాలి తగిలితే ఎవరో అట్లకాడ కాల్చి ఆనించినట్టు ఉండేది. గుంటూరులో, రోహిణికార్తెలో, ఫ్యాను వేసుకోలేని మనిషిని ఊహించుకోండి. పానకాలరావుగారు కరెంటు ఆఫీసులో సర్వీసంతా చేసి రిటైరైన మనిషి. తన ఇంట్లోనే స్విచ్చి నొక్కడానికి వీల్లేక, చెమటలు కక్కుతూ భార్య పక్కనే కూర్చునేవారు. మీరు వేసుకోండి అని ఆవిడా అనలేదు, వేసుకుంటానని ఆయనా అనలేదు.

డాక్టర్ హిమజ కనిపెట్టిన మిషను ఆ గేట్లని మూస్తుంది. చూడ్డానికి చెవిటిమిషనులా ఉంటుంది. చెవికి తగిలించుకుంటే కణత మీద ఒక బిళ్ళ ఆనుతుంది. దానిలో రెండు భాగాలు. ఒకటి గేట్లు ఎన్ని తెరుచుకున్నాయో లెక్కపెట్టి ల్యాబ్‌కి చెబుతుంటుంది. రెండోది ఆ గేటుకి మాత్రమే సరిపోయే సన్నటి ప్రకంపన పంపి, నాలుగు దండల్నీ దగ్గరికి లాగి పట్టుకుంటుంది. ఇంకే గేటునీ ముట్టుకోదు. హిమజ దానికి పెద్ద పేరే పెట్టింది. ఊళ్ళోవాళ్ళు చలవమిషను అన్నారు. ఆ పేరే నిలిచింది.

మిషను పెట్టుకుని ఇంటికెళ్ళిన రోజు ఝాన్సీగారు ఫ్యాను కింద కుర్చీ వేసుకుని, చెంప పైకెత్తి, అలా కూర్చుండిపోయారట. పానకాలరావుగారు రెగ్యులేటర్ ఒక్కో పాయింటూ పెంచుతూ, ఇప్పుడో అంటూ అడిగారట. ఆఖరి పాయింటు దాకా ఆవిడ ఏడుస్తూనే ఉన్నారట. ఇది విన్నప్పుడు హిమజ కూడా ముక్కు తుడుచుకుంది. అలాంటి పేషెంట్లు ఇంకొందరున్నారు. అందరికీ మిషను పనిచేసింది.

తర్వాత లెక్కలు రావడం మొదలైంది. రోజంతా అందరి గేట్లూ బుద్ధిగా మూసుకునే ఉంటున్నాయి. మధ్యాహ్నం మాత్రం కాసేపు భళ్ళున తెరుచుకుంటున్నాయి. రాత్రి మరోసారి. హిమజ ముందు మిషన్లని అనుమానించింది. ఇలియాస్ అన్నీ విప్పి చూసి, వాటిలో ఏ లోపమూ లేదన్నాడు. అప్పుడామె కణాన్ని అనుమానించింది, ఆ తర్వాత మెచ్చుకుంది.

మెచ్చుకోవడానికి కారణముంది. కణం లోపల గడియారాలుంటాయి. ఇది నిజం. కొన్ని ప్రొటీన్లు పొద్దుటి నుంచి పోగుపడి, తమని తయారుచేసే పనిని తామే ఆపేసి, రాత్రికి కరిగిపోయి, మళ్ళీ మొదలవుతాయి. సూర్యుణ్ణి చూడకుండానే కణానికి పొద్దు తెలుస్తుంది. ఆ గడియారం మంట గేటుకి కూడా తాళంచెవి తిప్పుతోందని హిమజ నిశ్చయించుకుంది. ఎవరూ కనిపెట్టని సంగతి. పరిశోధనా పత్రం రాయడం మొదలుపెట్టింది. ఆదివారం మధ్యాహ్నం గేట్లు కాస్త ఆలస్యంగా, మరీ ఎక్కువగా తెరుచుకుంటున్నాయి. శనివారం రాత్రుళ్ళు కొందరికి అసలు తెరుచుకోవడంలేదు. ఇది వంశపారంపర్యంగా వచ్చే తేడా అయ్యుంటుందని రాసింది.

"కణానికి ఆదివారమని ఎవరు చెప్పారంటారు మేడమ్?" అని ఇలియాస్ నెమ్మదిగా అడిగాడు.

వారం లెక్కన నడిచే లయలు కూడా ప్రకృతిలో లేకపోలేదని హిమజ ఓపిగ్గా వివరించింది.

మీకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. గుంటూరులో ఎవరినడిగినా చెప్పేవాళ్ళు. హిమజ పుట్టిపెరిగింది జంషెడ్‌పూర్‌లో. నాన్నగారికి కడుపులో పుండు ఉండటంతో వాళ్ళ వంటింట్లోకి మిరపకాయే వచ్చేది కాదు. ఆమె మధ్యాహ్న భోజనం తెరముందు కూర్చుని తినే పెరుగన్నం. మంటని గురించి లోకంలో ఆమెకి తెలిసినంత ఎవరికీ తెలియదు. దాన్ని కావాలని తినేవాళ్ళుంటారన్న సంగతి తప్ప.

జరిగింది ఇది. మిషను ఆపితే ల్యాబ్‌కి తెలిసిపోతుంది. చెవి మీంచి కాస్త పైకి జరిపితే తెలియదు. లెక్కపెట్టే భాగం లెక్కపెడుతూనే ఉంటుంది, మూసే భాగానికి మాత్రం గురి తప్పుతుంది. ఈ కిటుకు ముందు కనిపెట్టింది ఝాన్సీగారు. కేంద్రం వరండాలో కుర్చీల మీద వంతుకోసం ఎదురుచూస్తున్నప్పుడు పక్కావిడకి చెప్పారు, ఆవిడ తన పక్కాయనకి చెప్పింది. కంచం ముందు కూర్చోగానే మిషను పైకి, చెయ్యి కడుక్కోగానే కిందికి. శనివారం రాత్రి అన్నం తినని ఇళ్ళలో ఆ పని ఉండేది కాదు. నొప్పి తిరిగొస్తుందని తెలిసే చేసేవారు. ఒక చెంప కాలిపోతుంటే, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే, ఆవకాయ అన్నం కలుపుకుని తినేవారు.

డాక్టరుతో ఎందుకు చెప్పలేదంటే, మొహమాటం. ఆ పిల్ల రాత్రింబవళ్ళు కష్టపడి చేసింది, ఎంతో బాగా పనిచేస్తోంది, అలాంటిదాన్ని పట్టుకుని అన్నం దగ్గర పనికిరాదమ్మా అని ఏ ముఖం పెట్టుకుని చెబుతారు? బంధువులింట్లో పెట్టిన బట్టలు నచ్చకపోతే చెబుతామా? ఇలియాస్‌కి తెలుసు. అతనిదీ గుంటూరే. పైఅధికారి ముచ్చటపడి రాసుకుంటున్న పత్రాన్ని ఒక ఆవకాయ ముక్కతో కొట్టిపారెయ్యడానికి అతనికీ నోరు రాలేదు. గేట్లు తెరుచుకునే టైములో ఒకసారి వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి చూస్తే బాగుంటుందేమో అని మాత్రం అన్నాడు. తెరమీద కనపడనిది ఇంట్లో ఏం కనపడుతుందని హిమజ నవ్వేసింది.

ఇంతలో ఢిల్లీ నుంచి కమిటీ వస్తోందని కబురొచ్చింది. మిషను నికరంగా పనిచేస్తోందని వాళ్ళు ఒప్పుకుంటే పని కొనసాగుతుంది. లేకపోతే కేంద్రం మూతపడుతుంది, పేషెంట్ల దగ్గరున్న మిషన్లన్నీ వెనక్కి తీసేసుకుంటారు. హిమజ ఈ మాట వరండాలో అందరికీ చెప్పింది. రోజుకి రెండుసార్లు గేట్లు తెరుచుకోవడం లోపం కాదనీ, అదొక కొత్త విషయమనీ, తన పత్రం చూస్తే కమిటీ సంతోషిస్తుందనీ మెరిసే కళ్ళతో చెప్పింది. అందరూ తలలూపారు.

ఝాన్సీగారు లెక్కల టీచరు. కమిటీ ఏమంటుందో ఆవిడకి తక్షణమే తెలిసిపోయింది. రోజూ రెండుసార్లు విఫలమయ్యే మిషను, దానికి సాకుగా ఆదివారాన్ని గుర్తుపట్టే కణం. వాళ్ళు నవ్వి, సంతకం పెట్టకుండా విమానం ఎక్కుతారు. మళ్ళీ ఫ్యాను ఆపుకోవాలి.

ఇంటికెళ్ళే దారిలో ఆటోలో, "చెప్పేద్దామండీ" అన్నారావిడ.

"చెప్పు" అన్నారు పానకాలరావుగారు.

"మీరు చెప్పండి."

"చెంప నీది కదా."

ఆటో దిగేదాకా ఇలాగే సాగింది. చివరికి ఆవిడకి ఒక మార్గం తోచింది. మనవాళ్ళకి నోటితో చెప్పలేని సంగతి ఉంటే భోజనానికి పిలుస్తారు. మర్నాడే పిలిచారు. ఒక్కత్తీ ఏం తింటోందో పాపం అని కూడా అనుకున్నారు, అది వేరే సంగతి.

హిమజ వచ్చింది. కమిటీకి చూపించడానికి తెచ్చుకున్న కొత్త మిషను, గేట్ల లెక్క చూపించే ట్యాబ్ ఉన్న సంచీని సోఫాలో పెట్టి, టేబుల్ ముందు కూర్చుంది. ముద్దపప్పు, గోంగూర, దోసకాయ కూర, గడ్డపెరుగు, మధ్యలో జాడీలోంచి అప్పుడే తీసిన ఆవకాయ. తాను కారం తినలేనని హిమజ ముందే చెప్పింది కాబట్టి ఆమెకి పప్పూ నెయ్యీ వడ్డించారు. ఝాన్సీగారు తన కంచంలో వేడన్నంలో ఆవకాయ కలిపి, నెయ్యి వేసి, ముద్ద చేసి పట్టుకున్నారు. ఒక్క క్షణం ఆగారు. పిలిచిన పని ఇదే కదా అని గుర్తుచేసుకున్నట్టు, ఎడమచేత్తో మిషనుని హిమజకి కనపడేలా పైకి జరిపారు. ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

చెంప ఎర్రబడింది. కంట్లోంచి నీళ్ళు జారాయి. సోఫాలో ట్యాబ్ కుయ్యిమని మోగడం మొదలుపెట్టింది.

హిమజ లేచివెళ్ళి ట్యాబ్ చూసింది. వెనక్కి తిరిగి ఝాన్సీగారిని చూసింది. మళ్ళీ ట్యాబ్ చూసింది. గోడగడియారం వైపు కూడా చూసింది.

"రోజూనా?" అంది.

"రోజూ."

"అందరూనా?"

ఝాన్సీగారు నమలడం ఆపకుండా తలూపారు. పానకాలరావుగారు పైన ఫ్యాను చాలా శ్రద్ధగా పరిశీలిస్తున్నారు.

హిమజ కుర్చీలో కూలబడింది. ఇన్నాళ్ళ పత్రం, కణంలోని గడియారం, వంశపారంపర్యం, అన్నీ ఆ కంచంలో కలిసిపోయాయి. కోపగించుకుంటుందని వాళ్ళిద్దరూ బిక్కుబిక్కుమంటూ చూస్తున్నారు. మరి చెప్పొచ్చు కదమ్మా అని మాత్రం అడిగింది. అంత కష్టపడి చేశారు, ఎలా చెప్పను అని ఝాన్సీగారు జవాబిచ్చారు. నొప్పి తిరిగొస్తుంది కదా, మరి ఎలా తింటున్నారంది. నొప్పితో పాటే తింటున్నానన్నారావిడ.

"ఒక్కటి అడగనా? మిషను పెట్టుకుని తింటే ఏం పోతుంది? అది రుచిని ముట్టుకోదు. రుచికి వేరే కణాలున్నాయి, వేరే ప్రొటీన్లున్నాయి. ఒక్క మంటే కదా ఉండనిది."

"కారం లేని ఆవకాయ గురించి నన్ను అడక్కండి డాక్టరమ్మా" అన్నారు ఝాన్సీగారు, తల దించుకుని ఇంకో ముద్ద కలుపుకుంటూ.

అడగొద్దంటే శాస్త్రజ్ఞురాలు ఆగుతుందా? హిమజ సంచీలోంచి కొత్త మిషను తీసి తన చెవికి తగిలించుకుంది. జీవితంలో మొదటిసారి ఆవకాయ వేయించుకుని, కలుపుకుని, నోట్లో పెట్టుకుంది.

గేట్లు మూసుకుని ఉన్నాయి. మంట లేదు. మామిడి పులుపు నాలిక అంచుల మీంచి పాకింది. ఆవపిండి ఘాటు ముక్కుపుటాల్లోకి ఎక్కింది. దాని గేటు వేరు, ఈ మిషనుకి లొంగదు. వెల్లుల్లి, మెంతుల చిరుచేదు, నువ్వులనూనె కమ్మదనం, ఒక్కోటీ తెర తీసినట్టు వచ్చి నిలబడ్డాయి. ఎన్ని రకాల కణాలు, ఎన్ని రకాల గేట్లు, ఎంత పొందికగా పనిచేస్తున్నాయో కదా అని హిమజకి ఒళ్ళు పులకరించింది.

అప్పుడు ఉప్పు వచ్చింది.

ఉప్పు కణాల గేట్లన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. సముద్రంలో మునిగి నోరు తెరిచినట్టయింది. మంట పక్కనుంటే బహుశా ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు తెలియకుండా ఉండే మార్గమే లేదు. హిమజ ఎదురుగా చూసింది. చెంప కాలుతున్నా, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా, ఝాన్సీగారు ముద్ద చేతిలోనే పట్టుకుని ఆమె ముఖంలోకి చూస్తున్నారు.

"చాలా బాగుందమ్మా" అంది హిమజ.

ఇంకోసారి వేయించుకుంది కూడా. తిరిగి వెళ్ళేటప్పుడు ఝాన్సీగారు చిన్న సీసాలో పెట్టి ఇచ్చారు.

కమిటీ వచ్చింది. దానికి పెద్ద ప్రొఫెసర్ పెంచలయ్యగారని నెల్లూరు మనిషి. ఢిల్లీలో ఏళ్ళ తరబడి గోధుమరొట్టెలు తిని నీరసించిన ముఖం. వరండాలో కూర్చునేవాళ్ళంతా మంచి బట్టలు కట్టుకుని హాల్లో వెనకవరసల్లో కూర్చున్నారు. హిమజ తన పత్రం ప్రస్తావన తేలేదు. కణానికి భోజనవేళ తెలియదు, కణం గల మనిషికి తెలుసు అని మొదలుపెట్టి, జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పింది. తప్పు తనదేనంది. గేట్లని పరీక్షించాను గానీ వంటింటిని పరీక్షించలేదంది. రోజులో మిగతా సమయమంతా మిషను ఒక్కసారైనా గురి తప్పలేదని లెక్కలు చూపించింది.

కమిటీలో ఒకాయన ఇది నియమోల్లంఘన అన్నాడు. పెంచలయ్యగారు అతన్ని చేత్తో వారించి, వెనకవరసల వైపు తిరిగి, మిషను పైకి జరపకుండా తిన్నవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా అని తెలుగులో అడిగారు. ఒక్క చెయ్యీ లేవలేదు. నొప్పి తిరిగొచ్చిందా అని అడిగారు. అందరూ చేతులెత్తారు. అంటే మిషను ఉంటే నొప్పి లేదు, జరిపితే ఉంది, ఇంతకంటే మంచి రుజువు నేనెక్కడా చూడలేదు అన్నారాయన. సంతకం పెట్టేశారు. మనవాళ్ళ కోసం మిషనుకి ఒక భోజనం బటను పెట్టాలని ఇలియాస్‌కి పురమాయించారు. వెనకవరసలు గట్టిగా ఊపిరి పీల్చుకున్నాయి. పానకాలరావుగారు అవసరం లేకపోయినా లేచి హాల్లో ఫ్యాను ఒక పాయింటు పెంచారు.

అప్పుడు పెంచలయ్యగారు కళ్ళజోడు తీసి, కొంచెం సిగ్గుపడుతూ, "రికార్డు కోసం అడుగుతున్నానమ్మా. మిషను పెట్టుకుని మీరు ఆవకాయ తిన్నానన్నారు. ఎలా ఉంది?" అన్నారు.

గదిలో అన్ని తలలూ తిరిగాయి. హిమజ చూపు వెనకవరసలోకి వెళ్ళింది. ఝాన్సీగారు పట్టుచీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ, మళ్ళీ చుట్టుకుంటున్నారు.

"అమోఘంగా ఉంది సార్. ఏ లోపమూ లేదు" అంది హిమజ.

రాసుకునేవాళ్ళు రాసుకున్నారు. ఆ నివేదిక ఆ తర్వాత చాలా దేశాల్లో చదివారు. అందులో ప్రతి అంకె వెనకా రుజువుంది, ఆ ఒక్క వాక్యానికి తప్ప. ఒక జీవితకాలం నిజాలనే నమ్ముకున్న శాస్త్రజ్ఞురాలు అంత చక్కగా గుంటూరు మనిషైపోయింది.

బయటికొచ్చి మెట్లు దిగుతుండగా ఝాన్సీగారు, "ఆ పిల్ల అబద్ధం చెప్పింది" అన్నారు.

"ఎవరు, డాక్టరమ్మా? దేని గురించి?"

"ఉప్పు గురించి."

పానకాలరావుగారు మెట్టు మీద ఆగిపోయారు. ఆవిడ ఆగకుండా చెప్పుకుపోయారు. మిషను పెట్టిన తొలిరోజు దాన్ని జరపకుండానే తిన్నారట. మంట పోయి, నోట్లో ఉప్పు ఒక్కటే మిగిలిందట. మిషను లోపమేమోనని పంచదార నోట్లో వేసుకు చూశారు, నిమ్మకాయ నాకి చూశారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మళ్ళీ ఆవకాయ పెట్టుకు చూశారు. ఇన్నేళ్ళుగా ఆడపడుచులకి పంపింది, స్టాఫ్‌రూములో అందరికీ పంచింది, అడిగి అడిగి పట్టుకెళ్ళినవాళ్ళకి పెట్టింది, అంతా అదే ఆవకాయ. ఆ రోజే చెయ్యి చెవి మీదికి పోయి మిషనుని పైకి జరిపింది. చెంప కాలిపోయినా సరే, ఆ ఉప్పు మాత్రం తెలియకూడదనిపించింది. తన కిటుకు నేర్చుకున్న మిగతావాళ్ళు ఎందుకు జరుపుతున్నారో ఆవిడ ఎప్పుడూ అడగలేదు. అడిగితే కారం కోసమనే చెబుతారు.

"మీకెప్పుడైనా అనిపించిందా?" అన్నారు చివరికి.

ఆయన మళ్ళీ మెట్లు దిగడం మొదలుపెట్టారు. "లేదే. నాకెప్పుడూ సరిపోయినట్టే ఉండేది" అన్నారు.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. పైన ఫ్యాను నిండుగా తిరుగుతోంది. ఝాన్సీగారు తన కంచం సంగతి పక్కనపెట్టి, ఆయన కంచంలోకి చూశారు. పానకాలరావుగారు ఆవకాయ ముక్కని తీసుకుని, అంటుకున్న పిండినంతా కంచం అంచుకి మెల్లగా తుడిచి, రెండు ముద్దలకి సరిపడే అన్నంలో ఆ ఒక్క ముక్కా కలుపుకున్నారు. పెళ్ళయిన నాటినుంచీ ఆయన అలాగే తింటున్నారు. అది వాళ్ళ ఇంట్లో తినే పద్ధతి కాబోలని ఆవిడ ఇన్నేళ్ళూ అనుకున్నారు.

ఝాన్సీగారు అడక్కుండానే ఆయన కంచంలో ఇంకో గరిటెడు అన్నం వేసి, మిషను పైకి జరుపుకుని, తన ముద్ద కలుపుకున్నారు.